మూడు రోజుల పాఠం

లోగన్, ఆస్ట్రేలియా
జూలై 6

మెలెనాయిటె అత్తకు,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఒక సంగతి తేల్చుకుందాం.

పోయిన ఆదివారం మన పంగై చర్చిలో రోగుల కోసం చేసే ప్రార్థనలో నా పేరు చదివించారట. నడుం విరిగిన ముసలాయన తర్వాత, జ్వరం తగ్గని పసిబిడ్డకు ముందు. "మతి చలించిన మా మేనకోడలు తోకిలూపె కోసం" అని. అందరూ ఆమెన్ అన్నారట. ఈ కబురు నాకు మూడు దారుల్లో చేరింది. పంగైలో తుమ్మితే లోగన్‌లో వినపడుతుందని మీకు తెలియనిది కాదు. తెలిసే చేశారు.

నాకు మతి బాగానే ఉంది. డాక్టరీ ప్రవేశ పరీక్షకు చదువుతున్నాను, అంతే.

ఎవరో మీకు సగం సగం చెప్పి ఉంటారు. మొత్తం నేనే చెప్తాను, వినండి. నాకు ముప్పై నిండాయి. చేతిలో ఉన్నది చరిత్ర డిగ్రీ. ఆరేళ్లుగా ఇక్కడి ఆసుపత్రిలో మన టోంగావాళ్లకు దుబాసీగా పనిచేస్తున్నాను. ఏప్రిల్‌లో ఒక పెద్దావిడకు కాలు తీసెయ్యాలని చెప్పడానికి డాక్టరుకు నాలుగు నిమిషాలు పట్టింది. చెప్పి వెళ్లిపోయాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఇంకో దారి ఏదీ లేదా తల్లీ?" అంది. నాకు తెలియదు. తెలియదని కూడా నేను అనకూడదు, దుబాసీకి సొంత మాట ఉండకూడదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకు చెప్పేశాను. నోరు నాదీ మాట ఇంకొకరిదీ అయిన బతుకు ఇక చాలు, నేనే డాక్టరునవుతాను అని.

ఇక్కడ ఏ డిగ్రీ ఉన్నవాళ్లైనా ఆ పరీక్ష రాయొచ్చు. మూడు భాగాలు. చదివి అర్థం చేసుకోవడం ఒకటి, వ్యాసాలు రాయడం ఇంకొకటి, ఆ రెండూ నాకు లెక్కలోవి కావు. మూడోది సైన్సు. నా ప్రాణం తీస్తున్నది అదే. మోల్ అనే ఒక్క మాట దగ్గర పన్నెండు రోజులుగా కూర్చుని ఉన్నాను. అదేదో బరువు కొలత అనుకుంటున్నాను, ఏ లెక్కా కుదరడం లేదు.

కుదరకపోవడానికి కారణం మీకు తెలుసు. నాలుగో ఫారంలో మా సైన్సు టీచరు మీరే. "నూటికి ముప్పై ఎనిమిది. నీ తలకి సైన్సు ఎక్కదు" అని చెప్పి, నన్ను పుస్తకాల సంచితో సహా ఆర్ట్సు గదిలోకి పంపింది మీరే. అమ్మ పోయాక పెంచింది మీరు గనక కిక్కురుమనలేదు.

సెప్టెంబర్‌లో పరీక్ష. నాకు మీ ప్రార్థన అక్కర్లేదు. ముప్పై ఏళ్లు మీరు పాఠాలు చెప్పిన ఆ పచ్చ అట్ట నోటుబుక్కు పంపండి చాలు.

మతి నిలకడగానే ఉన్న,
తోకిలూపె


పంగై, టోంగా
జూలై 27

లూపెకు,

నీ ఉత్తరంలో తప్పులు ఏడు. ఎర్ర సిరాతో దిద్ది ఇందులోనే పెట్టి తిప్పి పంపుతున్నాను, చూసుకో. ఆస్ట్రేలియాలో డిగ్రీ పుచ్చుకున్నావు గాని మన భాషలో ఒక్క ఒత్తూ సరిగా పెట్టలేవు.

ప్రార్థన చేయించాను. నీకు బుద్ధి వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయిస్తాను. ఆదివారం కూడా పుస్తకం తెరుస్తున్నావట. ఇక్కడ ఆదివారం పడవ నీళ్లలోకి దిగదు, తీగ మీద తడిబట్ట కనపడదు. నువ్వు మాత్రం దేవుడి రోజున ఆమ్లాలూ క్షారాలూ కలుపుతూ కూర్చుంటావు. మీ నాన్న నోరు మూసుకుని చూస్తున్నాడు కాబోలు. వాడెప్పుడూ అంతే.

నేను మీ నాన్నకు అక్కను. మనలో తండ్రి అక్కంటే ఏమిటో ఆ దేశానికి వెళ్లి మర్చిపోయావేమో. మీ ఇంట్లో ఏ చాప అడిగినా, ఏ పందిని అడిగినా కాదనే హక్కు మీ నాన్నకే లేదు. రేపు వాడు పోతే తల దగ్గర కూర్చునేది నేను, సంతాపానికి గుర్తుగా నీ జుట్టు కత్తిరించేది నేను. ఇన్నాళ్లలో నిన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. చాపా వద్దు, పందీ వద్దు. ఆ పరీక్ష మానెయ్.

మంచి ఉద్యోగం ఉంది. మంచి డిగ్రీ ఉంది. ముప్పై ఏళ్ల ఆడది పద్నాలుగేళ్ల పిల్లల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే లోకం నవ్వదా? నీకు రానిదాని వెంట పడి ఎందుకు అభాసుపాలవుతావు? ముప్పై ఎనిమిది ఆనాడూ ముప్పై ఎనిమిదే, ఈనాడూ ముప్పై ఎనిమిదే.

నోటుబుక్కు పంపను.

ఒక్క మాట. మోల్ బరువు కాదు. ఆ తప్పు చూసి ఊరుకోలేక రాస్తున్నాను, దీన్ని పట్టుకుని నేను ఒప్పుకున్నానని అందరికీ చెప్పకు. మన కొబ్బరికాయలు ఎలా ఎంచుతాం? ఒక్కొక్కటిగానా? ఇరవై కాయలు ఒక కట్టు. కాయ చిన్నదైనా పెద్దదైనా కట్టుకు ఇరవయ్యే. బరువు మాత్రం కాయను బట్టి మారుతుంది. మోల్ కూడా అలాంటి కట్టే, చాలా పెద్ద కట్టు. అణువులు చిన్నవి గనక. ఇంతే. దీనికి పన్నెండు రోజులు కూర్చున్నావా?

మానెయ్.

మీ అత్త
మెలెనాయిటె


లోగన్
నవంబర్ 24

అత్తకు,

సంతోషించండి. మీ ప్రార్థన ఫలించింది. పరీక్ష పోయింది.

మొదటి రెండు భాగాల్లో నా కన్నా పైన వందమందికి ఒకరో ఇద్దరో. సైన్సులో నా కింద ఎవరూ లేరనుకుంటాను. డెబ్బై అయిదు ప్రశ్నలకు ముప్పై ఒకటి ఖాళీగా వదిలేశాను. తప్పు రాస్తే మార్కు కొయ్యరు. కళ్లు మూసుకుని గీతలు పెట్టినా నాలుగోవంతు తగిలేవి. చెయ్యి లేవలేదు. ప్రశ్న చదువుతాను, జవాబు నోటిదాకా వస్తుంది, ఈలోగా మీ గొంతు వినపడుతుంది. నీ తలకి ఎక్కదు. పెన్సిలు కింద పెట్టేస్తాను. మూడు గంటలు మీతోనే గడిపాను, హాల్లో వేరే ఎవరూ లేనట్టు.

ఇంకో కోపం కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. మీ కొబ్బరికాయల లెక్కతో మోల్ నాకు ఒక్క పూటలో వచ్చేసింది. పన్నెండు రోజులు రానిది. టీ చల్లారేలోపు మూడు లెక్కలు చేసేశాను. అంత తేలిగ్గా చెప్పగలిగిన మనిషి ఆ రోజు నాకెందుకు చెప్పలేదు? నలభై మందికీ చెప్పారు. నాకు మాత్రం ఆర్ట్సు గది తలుపు చూపించారు. ఇంట్లో మీ పక్కనే పడుకునేదాన్ని. పొద్దున లేచి మీ జడ నేనే అల్లేదాన్ని.

మార్చిలో మళ్లీ రాస్తాను. మీరు వద్దన్నా రాస్తాను. ఇక్కడ ఒక కాలేజీలో సైన్సు రానివాళ్లకు వేసవిలో మొదటి నుంచి చెప్తారు. అందులో చేరడానికి బడిలో వచ్చిన మార్కులు చూపించాలట. మన హైస్కూలు ఆఫీసుకు రాశాను, నాలుగో ఫారం రిజిస్టరు నకలు పంపమని. ఆ ముప్పై ఎనిమిది కూడా వాళ్ల ముందు పెట్టి, ఇదిగో నేను ఇక్కణ్ణించి మొదలుపెడుతున్నాను అని చెప్తాను. సిగ్గు పోయాక ఇంకేం మిగిలింది.

తోకిలూపె


పంగై
డిసెంబర్ 12

మా బంగారు తల్లి లూపెకు,

నీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు. పరీక్షలన్నాక పోతాయి. మీ అన్న ఫెలెతి ఎన్నిసార్లు తప్పాడు, వాడేమైనా బెంగపడ్డాడా? రేవులో లారీ తోలుకుంటూ హాయిగా ఉన్నాడు. పండగకు ఇక్కడికి రారాదూ? తారో చేమ ఆకుల్లో కొబ్బరిపాలు పోసి నీకిష్టమైనట్టు కాలుస్తాను.

ఆ రిజిస్టరు గొడవ ఎందుకు తల్లీ? ఆస్ట్రేలియావాళ్లకు మన పాత మార్కులతో పనేమిటి? ఆ రిజిస్టర్లు మొన్నటి తుఫానులో తడిసిపోయాయి. మిగిలినవి పురుగు పట్టాయి. వెతకడం దండగని హెడ్మాస్టరుకు నేను చెప్పాను. నీకు మార్కులు కావాలంటే నేనే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి పంపుతాను. పనిచేసిన టీచరు సంతకం ఎక్కడైనా చెల్లుతుంది.

పచ్చ అట్ట నోటుబుక్కు పంపుతున్నాను. కొడుకును చూడ్డానికి లోగన్ వస్తున్న పాస్టరుగారి భార్య చేతికిచ్చాను, పెట్టెలో చాపల మధ్య పెట్టుకుంది. భద్రంగా చూసుకో, ఇలాంటిది ఇంకోటి లేదు. బయాలజీలో ఎనిమిదో పాఠం పేజీలు లేవు. ఎలకలు కొట్టేశాయి. ఆ ఒక్కటీ అక్కడే ఏదైనా పుస్తకంలో చూసుకో.

మీ నాన్నను అడిగానని చెప్పు. రిజిస్టరు సంగతి వాడితో ఎత్తకు, అనవసరంగా బాధపడతాడు.

ప్రేమతో
మీ అత్త


లోగన్
జనవరి 19

అత్తకు,

రిజిస్టరు తడవలేదు. పురుగూ పట్టలేదు. ఆఫీసులో గుమస్తా ఎవరో గాని ఎంతో శ్రద్ధగా నకలు తీసి, ముద్ర కొట్టి పంపింది. ఇప్పుడు నా ముందు ఉంది.

నాలుగో ఫారం, సైన్సు. తోకిలూపె, 91. తరగతిలో మొదటి స్థానం. నా కింద ఆరో గీతలో ఫెలెతి, 44. పేజీ అడుగున మీ సంతకం. ఎర్ర సిరా. ఈ చేతిరాతే కిందటేడు నా ఉత్తరంలో ఏడు తప్పులు దిద్దింది. నా పేరు పక్కన చిన్న అక్షరాలతో, "ఆర్ట్సుకు మార్చడమైనది."

మీకు అంకెలు రావని అనుకోను.

జవాబు పత్రం చూపించమంటే చింపేశానన్నారు. ఏడుస్తుంటే తల నిమిరారు. "అందరికీ అన్నీ రావు తల్లీ" అన్నారు. ఆ మాట నేను నమ్మాను. పదహారేళ్లకు ఇక్కడి బడిలో సైన్సు తీసుకుంటావా అని అడిగితే, "నాకు ఎక్కదు" అని నా నోటితోనే చెప్పాను. యూనివర్సిటీలో అడిగితే అదే చెప్పాను. నాన్న నన్ను ఎవరికైనా చూపిస్తే, "పాపం సైన్సు రాదు గాని కథలు బాగా చెప్తుంది" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆరేళ్లు ఆసుపత్రిలో డాక్టర్ల పక్కన నిలబడి, వాళ్లేదో వేరే జాతి మనుషులన్నట్టు చూశాను. సెప్టెంబర్‌లో ముప్పై ఒక్క ప్రశ్నలు వదిలేసి వచ్చాను. రాక కాదు. మీరు రాదన్నారని.

అడిగేది ఒక్కటే. ఎందుకు? "బంగారు తల్లి" అన్న పిలుపూ, తారో ఆకులూ ఏవీ వద్దు. ఎందుకో రాయండి.

తోకిలూపె


పంగై
ఫిబ్రవరి 8

లూపె,

సరే, విను. విన్నాక నీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకో. కాని నేనేదో దుర్మార్గంతో చేశానని మాత్రం అనుకోకు, ఆ మాట నేను పడను.

ఆ ముందటేడు ఫెలెతి తప్పాడు. తప్పి నాలుగో ఫారంలోనే మిగిలిపోయి నీ తరగతిలోకి వచ్చాడు. అన్నా చెల్లెలూ ఒకే గదిలో. లెక్కలకూ ఇంగ్లీషుకూ ఫరవాలేదు. అటు చివర వాడు, ఇటు చివర నువ్వు. కాని మూడో టర్ములో బయాలజీ ఎనిమిదో పాఠం వస్తుంది. మనిషి ఎలా పుడతాడన్న పాఠం. బొమ్మలతో. నల్లబల్ల మీద నేను గియ్యాలి. నువ్వూ మీ అన్నా వింటూ కూర్చోవాలి. మనలో ఎక్కడైనా ఉందా? చెల్లెలు గదిలో ఉంటే అన్న సినిమా కూడా చూడడు, లేచి బయటికి పోతాడు. ఆ పాఠానికి మీ ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడితే ఊళ్లో తలెత్తుకునేదాన్నా?

ఒకళ్లు తప్పుకోవాలి. ఫెలెతి అప్పటికే ఒకసారి తప్పినవాడు. మళ్లీ గది మారిస్తే బడే మానేస్తాడని భయం. నువ్వెక్కడ వేసినా మొలుస్తావు. అందుకని నిన్ను మార్చాను.

ఇక మీ నాన్నకు ఏం చెప్పను? వాడు నా తమ్ముడు. తమ్ముడి ముందు నిలబడి ఆ పాఠం పేరు ఎలా ఎత్తను? నాకు నోరు రాలేదు. "పిల్లకి సైన్సు రావట్లేదు" అనడం తేలిక. ఒక్క అంకె కావాలి గదా, నోటికి ముప్పై ఎనిమిది వచ్చింది. నీకు వేరేగా చెప్తే నువ్వు వాడికి చెప్తావు. నీకూ అదే చెప్పాను. రిజిస్టరులో మాత్రం అబద్ధం రాయలేదు. టీచరును.

పాఠం మూడు రోజులే. అది అయ్యాక నిన్ను వెనక్కి తీసుకొద్దామనే అనుకున్నాను. ఈలోగా నువ్వు ఆర్ట్సులో మొదట వచ్చావు, మీ నాన్న మురిసిపోయాడు. మళ్లీ ఆ సంగతి కదపబుద్ధి కాలేదు. తర్వాత నువ్వూ మీ నాన్నా ఆస్ట్రేలియా వెళ్లిపోయారు, ఫెలెతి ఇక్కడే ఉండిపోయాడు.

ఫెలెతి ఆ ఏడాదీ తప్పాడు. అది నీకు తెలుసు.

చెప్పాను. ఇక చాలా?

మెలెనాయిటె


లోగన్
ఫిబ్రవరి 25

అత్తకు,

మూడు రోజులా.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతున్నాను. పాఠం మూడు రోజులే. మూడు రోజులు నన్ను ఇంట్లో కూర్చోబెట్టొచ్చు. జ్వరమని చెప్పొచ్చు. ఫెలెతిని మూడు రోజులు చేపలకు పంపొచ్చు, ఎగిరి గంతేసేవాడు. మూడు రోజుల కోసం నా పదిహేనేళ్లు తీసుకున్నారు.

ఆచారం అంటున్నారు. నాకూ తెలుసు ఆచారం, చరిత్ర చదివినదాన్ని. మనలో పెద్దపీట ఎవరికి? అన్నకా చెల్లెలికా? చెల్లెలికి. చెల్లెలు గదిలోకి వస్తే లేచి పోవాల్సింది అన్న. చెల్లెలు కాదు. ఆ పీట మీద కూర్చునే కదా మీరు మా నాన్న మీద ఇంత పెత్తనం చేస్తున్నారు. చాపలూ పందులూ అన్నీ ఆ హక్కుతోనే కదా అడుగుతారు. మీ దగ్గరికొచ్చేసరికి ఆచారం మీకు పీట వేసింది. నా దగ్గరికొచ్చేసరికి తలుపు వేసింది. అది ఆచారం కాదు అత్తా. అది మీ పిరికితనం.

నాన్నకు చెప్పాను. వద్దన్నారు, అయినా చెప్పాను. రిజిస్టరు చేతికిచ్చాను. తొంభై ఒకటి మీద వేలు పెట్టాడు. "మరి అక్క అలా ఎందుకు చెప్పింది?" అన్నాడు. బయాలజీలో ఎనిమిదో పాఠం ఉంది నాన్నా అని మొదలుపెట్టాను. సంగతి అర్థమై లేచి పెరట్లోకి వెళ్లి మొక్కలకు నీళ్లు పట్టడం మొదలుపెట్టాడు. బయట వాన పడుతోంది. తడిసి ముద్దయి లోపలికొచ్చి, "తొంభై ఒకటి" అని తనలో తను అనుకున్నాడు. మీరు ఆయన దగ్గర్నుంచి కూడా తీసుకున్నారు.

నోటుబుక్కులో ఎనిమిదో పాఠం చోట చూశాను. ఎలక కొరికితే అంచు అలా ఉండదు. స్కేలు పెట్టి చింపారు.

నా మతి పోయిందని చర్చిలో చెప్పించారు కదా. ఇది కూడా అక్కడే చెప్పండి. ఎవరి చేతో కాదు, మీ నోటితో. నా మార్కు ఎంతో, మీరు చెప్పింది ఎంతో. అది చెప్పేదాకా నాకు ఉత్తరం రాయొద్దు. వచ్చినా విప్పను. మార్చిలో పరీక్ష ఏమైందో మీకు చెప్పను. ఇంకెవరితోనూ చెప్పించను. నాన్న చేత ఒట్టు వేయించుకున్నాను.

తోకిలూపె


పంగై
అక్టోబర్ 19

లూపెకు,

కవరు మీద "చెప్పాను" అని పెద్దగా రాశాను, విప్పుతావని.

ఎనిమిది నెలలు పట్టింది. ప్రతి ఆదివారం చర్చి మర్యాదకు నడుముకు చాప చుట్టుకుని, ఈవేళ చెప్పేస్తాననుకుని వెళ్లేదాన్ని. పాటలయ్యేవి, ప్రసంగమయ్యేది, ఇంటికొచ్చి అన్నం తినేసేదాన్ని. నీ మీద కోపం వచ్చేది. అమ్మ లేని పిల్లను పెంచితే పిరికిదాన్నంటుందా అని. ఉత్తరం మళ్లీ తీసేదాన్ని. పిరికితనమన్న ముక్క కింద ఎర్ర సిరాతో దిద్దుదామని కలం పట్టేదాన్ని. దిద్దడానికి తప్పేం దొరకలేదు.

సెప్టెంబర్‌లో హెడ్మాస్టరు ఇంటికొచ్చాడు. నాలుగో ఫారంలో వైమోఆనా అని ఒక పిల్ల ఉంది, సైన్సులో మొదటిది. ఆమె పినతల్లి కొడుకు అదే తరగతి. మనలో పినతల్లి కొడుకూ అన్నే గదా. "ఎనిమిదో పాఠం వస్తోందండీ. పిల్లను ఆర్ట్సుకు మార్చమని రాస్తున్నాను. ఇదివరకు మీరు చేసినట్టే" అన్నాడు. నేను చేసినట్టే. బడిలో అదొక పద్ధతి అయిపోయింది, లూపె. నా తర్వాత ఎంతమందిని మార్చారో అడిగాను. ఏడుగురు. అందరూ ఆడపిల్లలే.

ఆ మాటకు కాఫీ కప్పు పక్కన పెట్టి అతన్ని బయటికి నడవమన్నాను.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక లేచాను. పాస్టరుగారు మైకు ఇవ్వడానికి వెనకాడారు, లాక్కున్నాను. "పదహారేళ్ల కిందట నా మేనకోడలు తోకిలూపెకి సైన్సులో తొంభై ఒకటి వచ్చింది. నేను ముప్పై ఎనిమిదని చెప్పాను. దాని తండ్రికి అబద్ధం చెప్పాను, దానికీ అబద్ధం చెప్పాను. ఎందుకో పెద్దవాళ్లకు తెలుసు, పిల్లలకు అక్కర్లేదు. మతి చలించింది దానికి కాదు. పేరు మార్చి మళ్లీ ప్రార్థన చెయ్యండి" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ఫెలెతి వెనక వరసలో ఉన్నాడు. తల వంచుకుని బయటికి వెళ్లిపోయాడు. మైకు పాస్టరుగారి చేతిలో పెట్టి వచ్చి నా చోట కూర్చున్నాను.

మర్నాడు హెడ్మాస్టరు దగ్గరికి నేనే వెళ్లాను. ఆ పిల్ల ఎక్కడికీ మారదు, ఆ మూడు రోజులూ ఆడపిల్లలకు పాఠం నేను వేరే చెప్తాను, మా ఇంటి వెనక చాపలల్లే పాకలో అన్నాను. నాకు డెబ్బై రెండేళ్లు, నన్ను ఏం చేస్తాడు? సరేనన్నాడు. పొద్దున లేచి చూద్దును గదా, పాకలో పదహారు బల్లలు. ఫెలెతి తన రేవు లారీలో తెచ్చి దింపాడు. ఏ పాఠమని అడగలేదు, నావైపు చూడలేదు. "చెల్లికి ఇలా ఉంటే బాగుండేది" అని లారీ ఎక్కేశాడు. వాడు నీ గురించి మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

మూడు రోజులు చెప్పాను. బొమ్మలు గీశాను. మూడో రోజు వైమోఆనా చెయ్యెత్తి అడిగిన ప్రశ్నకు నాకు జవాబు రాలేదు. నాలుగో రోజు ఆ పిల్ల తిరిగి తన గదిలో, తన చోట కూర్చుంది. అంతే. ఆకాశం ఊడిపడలేదు.

ఎనిమిదో పాఠం పేజీలు ఇందులో పెడుతున్నాను. నువ్వు రిజిస్టరు అడిగాక స్కేలు పెట్టి చింపింది నేనే, నిజమే. అది చూస్తే నీకు తెలిసిపోతుందని భయపడ్డాను.

క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. ఒక్కటి అడుగుతాను. మార్చి పరీక్ష ఏమైంది? మీ నాన్నకు మూడుసార్లు ఫోన్ చేయించాను. ఒట్టు వేశానంటాడు, అక్క మాట కూడా వినడు. బతుకులో మొదటిసారి నన్ను కాదన్నాడు. నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. ఎంత వచ్చింది లూపె?

మీ అత్త


లోగన్
నవంబర్ 9

అత్తకు,

కవరు విప్పాను.

నా కోపం తగ్గలేదు. ఇంకా చాలాకాలం ఉంటుంది, దానికి అలవాటు పడండి. ఆ ఏడుగురి పేర్లూ బడి నుంచి తీయించి నాకు పంపండి. అందరికీ వాళ్ల వాళ్ల మార్కులు మీ చేత్తో రాసి పంపండి, ఎర్ర సిరా వద్దు. ఫెలెతికి నేనేమీ చెప్పలేను, మీరూ చెప్పకండి. ఒక శనివారం తారో ఆకులతో వండిన బుట్ట ఒకటి వాడింటి గుమ్మంలో పెట్టి వచ్చెయ్యండి. వాడికి తెలుస్తుంది.

ఇక మీరడిగింది. మార్చిలో ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు. ఎంత వచ్చిందో, ఆ తర్వాత ఇంటర్వ్యూలో ఏమైందో, పోయిన వారం ఏ ఉత్తరం వచ్చిందో అన్నీ వేరే కాగితం మీద రాసి పాస్టరుగారికి పంపాను. ఈ ఉత్తరం మీకు అందాక వచ్చే ఆదివారం రోగుల ప్రార్థన అయ్యాక ఆయన మైకులో చదువుతారు. ఈలోగా మీరు ఎంత అడిగినా చెప్పొద్దని రాశాను. ఆయన ఇంటికి వెళ్లి కూర్చోకండి. ఆయన భార్యను కూడా అడక్కండి, ఆమెకు తెలియదు.

నా మార్కు నాకు చెప్పడానికి మీకు పదహారేళ్లు పట్టింది. ఆదివారం దాకా ఆగండి.

తోకిలూపె

తాజా కలం: వైమోఆనా అడిగిన ప్రశ్న ఏమిటో రాసి పంపండి. ఫిబ్రవరిలో మాకు తరగతులు మొదలవుతాయి. ప్రొఫెసరును అడిగి జవాబు పంపుతాను.